గొంతు లేని డాక్టర్

తొమ్మిదో భాగం

“ఎనభై ఆరు,” అంది హారతి. తొంభై నాలుగుకు పైన ఉండాల్సిన ఆక్సిజన్ అంకె అది.

గంగారాం వేలికున్న ఆక్సిమీటర్ పీకి మంచం మీద పడేశాడు. “గా మిషన్ ఖరాబైంది తియ్యి. పొద్దుగాల నుంచి పది ఖోలీలు తిరిగొచ్చింది. ఎవని లెక్క ఎవనికి చూపెడ్తుందో.”

సూరత్ పర్వత్ పాటియాలోని ఆ చాలీ, అంటే వరస ఖోలీల ఇల్లు, మొత్తానికి ఉన్నది ఒక్క ఆక్సిమీటరే. పాలిథిన్ సంచిలో పెట్టి గదుల వెంట తిప్పుతున్నారు. హారతి దాన్ని తన వేలికి తగిలించి చూపించింది. తొంభై ఎనిమిది. తల్లి భూదేవి వేలికి పెట్టింది. తొంభై ఏడు. మళ్ళీ తండ్రి చెయ్యి అందుకోబోతే ఆయన చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి, చంటిపిల్లల కన్నా మొండి.

“బాపూ, జర నా మాట విను. పరమేశ్వర్ మామ ఫోన్ చేసిండు. వాడిలో ఆక్సిజన్ బెడ్ ఒక్కటి ఖాళీ అయిందట. నాలుగింటి దాకా మనకోసం ఆపుతడట. కింద ఆటో గూడ నిలవడ్డది.”

వాడి అంటే కులసంఘం వాళ్ళు పెళ్ళిళ్ళ కోసం కట్టుకున్న హాలు. ఈ ఏప్రిల్‌లో అందులో పెళ్ళిపందిళ్ళు పోయి ఇనుప మంచాలు వచ్చాయి. ఆ బెడ్ ఎట్లా ఖాళీ అయిందని హారతి అడగలేదు. అక్కడి మంచాలు చూసుకునే పరమేశ్వరూ చెప్పలేదు.

“నేను రాను,” అన్నాడు గంగారాం.

“ఎందుకు రావు?”

“సోమలింగం పోలే? ఏమైంది? ఇంట్ల ఉన్నన్ని దినాలు మంచిగనే ఉండె వాడు. డాక్టర్ సాబ్ చెప్పినట్టు ఏడి నీళ్ళు తాగుకుంట, బోర్ల పండుకుంట మంచిగనే ఉండె. వాని పెండ్లం భాగవ్వ బెదిరి దవాఖానల ఏసింది. రెండు దినాలకే మూట గట్టి ఇచ్చిన్రు. మొఖం గూడ చూడనియ్యలే.”

అంత మాట్లాడేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. గోడవైపు తిరిగి కాసేపు ఊపిరి వెతుక్కున్నాడు.

పన్నెండు సాంచాల మీద, అంటే పన్నెండు పవర్‌లూమ్ మగ్గాల మీద, పగటి పాళీ సోమలింగానిది, రాత్రి పాళీ గంగారాంది. పద్నాలుగేళ్ళుగా ఒకరు దిగితే ఒకరు ఎక్కారు. మొన్న మంగళవారం సోమలింగం పోయాడు. బుధవారం గంగారాం సాంచా దిగి వచ్చి మంచం పట్టాడు. ఇవాళ శుక్రవారం.

“అందరి సంగతి ఒక్కతీరు ఉండదు బాపూ.”

“నీకేం ఎరుకే? నువ్వు డాక్టర్వా? డాక్టర్ సాబ్ పొమ్మంటే పోత. ఆయన పొమ్మన్నంక గడియ గూడ ఆగ. నిన్ననే అడిగిన, రెండో దినమే, భయపడద్దు, ఇంట్లనే ఉండుమన్నడు.”

అదీ అసలు చిక్కు. ఆయన ఎవరు పొమ్మంటే పోతానంటున్నాడో ఆ డాక్టర్ ఎదురుగానే, గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. పేరు హారతి, వయసు ఇరవై. చదువు బీకాం రెండో సంవత్సరం. చేతిగోళ్ళకు ఇంకా చీరలకు స్టోన్లు అంటించే గమ్ము వదల్లేదు.

డాక్టర్ ఉమాకాంత్, ఎంబీబీఎస్, నిజామాబాద్. నిరుడు మొదటి లాక్‌డౌన్‌లో పుట్టాడాయన. మున్సిపాలిటీ వాళ్ళ కాగితాలన్నీ గుజరాతీలో వస్తుంటే సూరత్‌లోని మన సాంచాలవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. హారతి వాటిని తెలుగులో రాసి కులపోళ్ళ వాట్సాప్ గ్రూపులో తన పేరుతోనే పెట్టింది. “పోరీ, నీకేం ఎరుక, పోయి రొట్టెలు చేసుకో,” అని ఒకాయన రాశాడు. దానికి నలభై మంది నవ్వులు పెట్టారు. హారతికి ఒళ్ళు మండింది. వీధిలో గొడుగు కింద అమ్మే సిమ్ కార్డు ఒకటి తల్లి ఆధార్ మీద తీసుకుంది. తెల్లకోటు వేసుకున్న ఎవరిదో ఫోటో పెట్టింది. అవే ముక్కలు, అదే కాగితం, కాకపోతే టీవీ వార్తల తెలుగులో ‘అండి’ చేర్చి పంపింది. అంతే, దండాలే దండాలు. ఏడాది తిరిగేసరికి ఆరు వందల మంది ఆయన మాట మీద ఉన్నారు. అందులో కన్నతండ్రి ఒకడు.

ఒక్క మందు పేరు కూడా ఆమె ఎన్నడూ రాయలేదు. కాగితంలో ఉన్నది, హెల్ప్‌లైన్ వాళ్ళు చెప్పింది, అంతకు మించి అక్షరం రాయనని ఒట్టు పెట్టుకుంది. మొదటి ఐదు రోజులు ఇంట్లో ఉండి చూసుకోవాలి, వారం దాటితే జాగ్రత్తపడాలి, ఊపిరి ఇబ్బందైతే పరుగెత్తాలి. ఇంతే కదా చెప్పింది. ఇందులో తప్పేముంది అని ఆ మంగళవారం నుంచి తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకుంది.

హారతి లేచి గ్యాలరీలోకి వచ్చింది. భూదేవి వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

“నువ్వన్న చెప్పవేందమ్మా?”

“నా మాట ఏనాడు ఇన్నడే ఆయన?”

“మూడో దినానికే ఎవ్వలికి గింత పడిపోదమ్మా. వారం దాటినోళ్ళకే గిట్లయితుంది. నాకేం సమజైతలేదు.”

భూదేవి కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. ఆ తల్లి అట్లా చేసిందంటే కడుపులో ఏదో మాట ఉన్నట్టే.

“ఏంది? చెప్పు.”

“చెప్పద్దని మీ బాపు ఒట్టు పెట్టిండే.”

“అమ్మా! టైం రెండున్నర అయితుంది. నాలుగింటికి బెడ్ పోతది. ఒట్టంటవేంది?”

“ఉగాది నాడు పచ్చడి తాగిండు గదా,” అంది భూదేవి మెల్లగా. “రెండు గిలాసలు తాగిండు. యాపపువ్వు ఎయ్యలేదా అని అడిగిండు. పిడికెడు ఏసిన నేను. నాలికకు ఏం తెలుస్తలేదన్నడు. ఒళ్ళు ముట్టుకుంటే కాలుతుంది అప్పటికే.”

హారతి వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఉగాది మంగళవారం. అది పోయి ఇంకో మంగళవారం, ఇవాళ శుక్రవారం. పదకొండు రోజులు.

“పదకొండు దినాల సంది జరమా? జరంతోనే సాంచాల ఖాతకు పోయిండా?”

“గోలీ ఏసుకొని పోయిండు. నీకు చెప్తే టెస్టంటవు. టెస్టంటే సేఠ్ ఇంకొకన్ని సాంచాల మీదికి ఎక్కిస్తడు. ఒకసారి ఎక్కినోడు దిగుతడా?”

“మరి నిన్న డాక్టర్‌కు రెండు దినాలని ఎందుకు చెప్పిండు? డాక్టర్‌కు గూడ అబద్దమేనా?”

భూదేవి నిజంగానే ఆశ్చర్యపోయింది. “అబద్దమేందే? సాంచా దిగింది బుధవారమే గదా. ఇంట్ల కూసున్న దినం కాన్నుంచే జరం లెక్క. నిలవడి పని చేసెటోన్ని జరమొచ్చినోడంటరా ఎవ్వలన్న? మీ తాత నాటి సంది గంతే. ఖాతల ఎవ్వల్నన్న అడుగు, గట్లనే చెప్తరు.”

“ఎవ్వల్నన్న?”

“ఎవ్వల్నన్న. సోమలింగం గట్లనే, అందరు గట్లనే.”

ఆ మాటకు హారతి గ్యాలరీ ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. ఏప్రిల్ ఎండలో అది కాలుతోంది. అయినా చెయ్యి తియ్యలేదు.

గ్యాలరీ చివర ఉమ్మడి బాత్రూం. అందులోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. డాక్టర్ వాట్సాప్ తెరిచి సోమలింగం పేరు కోసం వెతికింది. మంగళవారం నుంచి తెరవడానికి భయపడిన పేరది.

‘జ్వరం వచ్చి ఎన్ని రోజులైందండీ?’ అని డాక్టర్ అడిగాడు.

‘నాలుగో దినం సాబ్,’ అని సోమలింగం.

‘ఆందోళన చెందవలసిన అవసరం లేదండి. ఇంట్లోనే విశ్రాంతి తీసుకోండి. వారం దాటాక కూడా తగ్గకపోతే చూద్దాం.’

దానికి సోమలింగం రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

నాలుగో దినం. సాంచా దిగిన నాలుగో దినం! దానికి ముందు ఎన్ని రోజులు మగ్గాల మధ్య కాలే ఒంటితో తిరిగాడో ఎవరికి తెలుసు? వారం దాటాక చూద్దామని ఈమె రాసిన పూటకే ఆయనకు వారం దాటిపోయి ఉండాలి. నిజామాబాద్ డాక్టరైతే తెలియలేదని తప్పించుకోవచ్చు. సాంచాల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చే ఇంట్లో పెరిగిన పిల్లకు ఏ సాకూ లేదు. ఈ ప్రశ్నకు ఆ జవాబు వస్తే దాన్ని ఎట్లా చదవాలో తెలియాల్సింది, తెలియకపోతే ఇంట్లో తల్లినైనా అడగాల్సింది.

వెనక్కి వచ్చి మిగతా పేర్ల మీద వేలు జరిపింది. రెండో దినం సాబ్. మూడో దినం సాబ్. నిన్ననే మొదలైంది సాబ్. తండ్రి కాక, ఈ వారంలోనే పంతొమ్మిది మంది.

ఒక్కొక్కరికీ రాసింది. ‘సాంచా దిగిన రోజు కాదండీ, ఒళ్ళు మొట్టమొదట వేడెక్కిన రోజు నుంచి లెక్కపెట్టండి. వారం దాటిన వాళ్ళు ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి. ఆలస్యం చేయకండి.’ పదిహేడింటికి రెండేసి టిక్కులు పడ్డాయి. మిగతా రెండింటికి ఒక్కటే పడి ఆగిపోయింది. ఆ ఇద్దరి ఫోన్లూ ఎందుకు ఆగిపోయాయో ఊహించకుండా గ్రూపు తెరిచింది.

గ్రూపులో భాగీరథి గొంతు ఉంది. పొద్దున పెట్టిన ఆడియో. సోమలింగం భార్య. హారతికి చిన్నమ్మ వరస, చిన్నప్పుడు జడలు వేసిన మనిషి.

“డాక్టర్ సాబ్, మూడు దినాల సంది ఫోన్ చేస్తున్న, ఎత్తుతలేవు. దండం పెట్టిన నోటితోనే అడుగుతున్న, ఎక్కడుంటవు నువ్వు? ఒక్కసారి మొఖం చూపియ్యి. నా మొగన్ని ఇంట్ల ఉండుమని ఎట్ల చెప్పినవో నాకు చెప్పు.”

దాని కింద పరమేశ్వర్ రాశాడు. ‘అక్కా, ఏడవకు. ఆ పేరు గల డాక్టర్ నిజామాబాద్‌ల లేడని అడిగిచ్చిన. ఈ నంబర్ ఎవరి ఆధార్ మీదున్నదో రేపటికి బయటపడ్తది. వాన్ని వదిలేది లేదు.’

ఎవరి ఆధార్ మీదుందో హారతికి తెలుసు. గ్యాలరీలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ ఆవిడది.

కానీ ముందు నాలుగింటి బెడ్. పోలీసులు, సంఘం, పరువు, అన్నీ నాలుగింటి తర్వాత. హారతి కళ్ళు తుడుచుకుని తండ్రికి రాసింది.

‘గంగారాం గారూ, మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలండి. ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. ఇది నా సలహా కాదు, ఆజ్ఞ అనుకోండి. డాక్టర్ ఉమాకాంత్.’

రెండు నీలం టిక్కులు. నిమిషం గడిచింది. ఆడియో వచ్చింది. చెవిలో పెట్టుకుంది.

“సాబ్, నమస్తే. చదివిన. గాని నాకు అనుమానమైతుంది సాబ్. మా పోరి మీకు ఫోన్ గిట్ల చేసిందా? దానికి భయమెక్కువ. నిన్న ఇంట్లనే ఉండుమంటిరి, గిప్పుడు పొమ్మంటిరి. నా బిడ్డ మాట మీద చెప్తున్నట్టయితే నేను పోను. అది నిన్న మొన్నటి పోరి, దానికేం ఎరుక?” ఇక్కడ దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. “ఏడాదాయె, మీ గొంతు ఎన్నడు ఇనలే. ఒక్కసారి ఫోన్ల మాట్లాడున్రి సాబ్. మీరు నోటితోని పొమ్మంటే నడుసుకుంట దిగుత. లేకుంటే సచ్చినా దిగ.”

మూడు మాటలకొకసారి ఊపిరి. హారతి అది కూడా లెక్కపెట్టింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఏడాది పాటు అతికించుకుంటూ వచ్చింది, ఇక్కడ ఊడింది. గొంతు ఎక్కడి నుంచి తేవాలి? ఈ వీధిలో తెలుగు మాట్లాడే ప్రతి మగగొంతూ తండ్రికి తెలుసు. కింద ఆటోవాడికి తెలుగు రాదు. గొంతు మార్చే ఆటలేవో ఫోన్లలో ఉంటాయని విన్నది గానీ, అవి చేసేది జాతరలో బొమ్మ మాట్లాడినట్టుంటుంది. గంగారాం మొండివాడే గానీ పిచ్చివాడు కాదు. టైం మూడు దాటింది. ఫోన్ మళ్ళీ మోగింది. పరమేశ్వర్.

“పోరీ, ఏమాయె? తీస్కొస్తున్నవా లేదా? ఇంకో ఇద్దరు గేటు కాడ ఏడ్సుకుంట నిలవడ్డరు.”

“తెస్తున్న మామా. ఆపు. నీ కాళ్ళు మొక్కుత, ఆపు.”

ఖోలీలోకి వచ్చేసరికి గంగారాం గోడకానుకుని కూర్చున్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది, డాక్టర్ సాబ్ ఫోన్ కోసం. పెదవులు నల్లబడ్డాయి. హారతి వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుంది.

“డాక్టర్ ఫోన్ చెయ్యడు బాపూ.”

“ఎందుకు చెయ్యడు? పెద్దమనిషి, చేస్తడు.”

“డాక్టర్ లేడు.”

“ఏంది?”

“డాక్టర్ ఉమాకాంత్ అనేటాయన ఎవ్వలు లేరు. నేనే రాస్తున్న. మొదటి సంది నేనే.”

గంగారాం నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి భూదేవి వీపు రాయాల్సి వచ్చింది.

“నన్ను దవాఖానల ఏసెతందుకు గింత నాటకమానే? నీకు గా తెలుగెక్కడిది? ఎన్నడన్న నోట్ల నుంచి అండీ అనే మాట వచ్చిందా నీకు?”

“టీవీల వార్తలు ఇని నేర్చుకున్న.”

“ఫోటో?”

“నెట్‌ల దొరికింది. ఎవరో నాకు ఎరుక లేదు.”

“తియ్యి, తియ్యి. ఆయన పేరు పెట్టి గిట్ల మాట్లాడితే కండ్లు పోతయి.”

హారతి ఇంకేమీ వాదించలేదు. తన ఫోన్ తీసి ఆయన ఎదుటే రెండు మాటలు కొట్టింది. ఆయన చేతిలోని ఫోన్ టింగుమంది. గంగారాం ఆశగా చూశాడు. తెల్లకోటు ఫోటో, దాని పక్కన డాక్టర్ సాబ్ పేరు. కింద, ‘బాపూ, నేనే.’

ఆ రెండు మాటలూ ఆయన చాలాసేపు చదివాడు. కింద ఆటోవాడు హారన్ కొట్టాడు.

“నా ఆధార్ మీద తీసిన సిమ్ము గిదేనానే?” అంది భూదేవి సగం గొంతుతో.

గంగారాం ముఖం తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏడాదిగా ఆ డాక్టర్‌కు ఏమేం చెప్పుకున్నాడో అన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి. నిరుడు లాక్‌డౌన్‌లో మళ్ళీ దొంగచాటు సారా మొదలుపెట్టిన సంగతి. అర్ధరాత్రి సాంచాల చప్పుడులో ఎవరికీ వినపడదని గట్టిగా ఏడ్చిన సంగతి. డాక్టర్ ఎవరికీ చెప్పడు కదా అని చెప్పుకున్నవి. హారతి తల దించుకుంది. తండ్రి సిగ్గుపడటం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు.

“సోమలింగానికి?” అన్నాడు ఉన్నట్టుండి.

హారతి తలెత్తి చూసింది.

“సోమలింగానికి గూడ నువ్వే చెప్పినవా?”

“అవు బాపూ.”

“ఎన్ని దినాలని చెప్పిండు వాడు?”

“నాలుగో దినమన్నడు. నేను నమ్మిన. సాంచా దిగినకాన్నుంచి లెక్క అని నాకు ఎరుకలేదు. గిప్పుడే అమ్మ చెప్పింది. నువ్వు గూడ గట్లనే చెప్పినవు. నీది మూడో దినం గాదు బాపూ, పదకొండోది. నేను చెప్పిందంత తప్పే.”

గంగారాం కళ్ళు మూసుకున్నాడు. “వాడు నిలవడలేకపోతుండె,” ఒక్కొక్క మాటా ఏరుకుంటూ అన్నాడు. “నేనే పాళీకి గంట ముందుగాల పోయి దింపుదు. ఆరు దినాలు గట్ల దింపిన. ఎవ్వలికి చెప్పకన్నడు. చెప్పలే.”

“మరి నువ్వన్న...”

“నాకు ఎరుకే. వానికి పది దినాలాయెనని నాకొక్కనికే ఎరుక.” కళ్ళు తెరిచి కూతురివైపు చూశాడు. “అంటే దవాఖానకు పోయినందుకు సావలే వాడు.”

“లేదు బాపూ. ఆలస్యంగ పోయిండు. గంతే.”

గంగారాం మంచం పట్టె పట్టుకుని లేచాడు. తూలాడు. భూదేవి రెక్క పట్టుకుంది. “అంగి తియ్యి,” అన్నాడు. భూదేవి చొక్కా తెచ్చి తొడిగింది. గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టింది. ఎవరూ సరిచెయ్యలేదు. హారతి సంచిలో నీళ్ళసీసా, దుప్పటి, ఆధార్ కాగితం కుక్కుకుని ముందు నడవబోయింది.

“నువ్వు రాకు.”

“బాపూ!”

“మీ అమ్మ వస్తది. నువ్వు భాగవ్వ ఇంటికి పో.”

హారతి గుమ్మంలో ఆగిపోయింది.

“పోయి నీ నోటితోని చెప్పు. రేపు పరమేశ్వర్ ఏదో కాయిదం పట్టుకొచ్చి చెప్తే ఆమెకు తెలిసుడు వద్దు. నువ్వే చెప్పు. నాకు ఎరుకుండి నోరు మూసుకున్న అని గూడ చెప్పు.”

“చెప్త బాపూ. ముందుగాల నిన్ను అక్కడ పండుకోబెట్టి, రేపు...”

“రేపు నేనుంటనో ఉండనో.” ఆయాసంతో గోడ పట్టుకున్నాడు. “గిప్పుడే. నువ్వు ఆ గల్లీ దిక్కు నడిస్తేనే నేను ఆటో ఎక్కుత. లేకుంటే గీడనే కూసుంట.”

అన్నంత పనీ చేస్తాడు. మూడున్నర అయింది. హారతి సంచి తల్లి చేతికిచ్చి మెట్లు దిగింది. గల్లీ మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. గంగారాం ఆటోలో ఒక కాలు పెట్టి, మాస్కు పైనుంచి ఆమెనే చూస్తున్నాడు. ఆమె మలుపు తిరిగింది. వెనక ఆటో కదిలిన చప్పుడు వినపడింది.

భాగీరథి ఇల్లు రెండు గల్లీల అవతల. ఆ కాస్త దూరంలో హారతి ఏం చెప్పాలో పది రకాలుగా అనుకుంది, పదీ మర్చిపోయింది. గుమ్మంలో సోమలింగం పేర పెట్టిన దీపం వెలుగుతోంది. కరోనా అని చుట్టాలు కూడా రాలేదు. గోడ దగ్గర చాప మీద భాగీరథి ఒక్కతే కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది.

“వచ్చినవా బిడ్డా,” అందామె. “ఎవ్వలు రాకపాయిరి. నువ్వన్న వచ్చినవు. బాపుకెట్లున్నది?”

“దవాఖానకు పోయిండు చిన్నమ్మా. గిప్పుడే.”

“మంచిగ చేసిన్రు. నా లెక్క ఆగలే.” చాప మీద పక్కకు జరిగి చోటిచ్చింది. “కూసో. గంత దూరముంటవేంది, నాకేం రోగం లేదు, చూపిచ్చుకున్న.”

హారతి కూర్చుంది. “చిన్నమ్మా, నీకొక మాట చెప్పాలె.”

“చెబుదువు గాని. ముందుగాల నాకొక పని చేసి పెట్టు. సదువుకున్న పిల్లవు.” దిండు కింద నుంచి ఫోన్ తీసి హారతి ఒళ్ళో పెట్టింది. తెర మీద తెల్లకోటు ఫోటో. “గీనికి ఎన్నిసార్లు నోటితోని చెప్పినా ఇంటలేడు. తెలుగుల రాయి, చదువుతడు. నాకు రాయరాదు. నేను చెప్పిందే రాయి, ఒక్క అక్షరం మార్చకు.”

“చిన్నమ్మా, నా మాట...”

“రాయి.” భాగీరథి గొంతు పెంచలేదు. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఆ గొంతులో పెంచడానికి ఏమీ మిగల్లేదు. “‘నీ ఇంట్ల పెద్దదిక్కుకు గూడ గిట్లనే కావాలె. నీ కండ్ల ముందట ఊపిరాడక కొట్టుకోవాలె. నువ్వు ఏం చెయ్యరాక చూసుకుంట కూసోవాలె.’ గంతే. నా ఉసురు నీకు తగులుతదని గూడ రాయి.”

హారతి వేళ్ళు ‘నీ ఇంట్ల’ అనే దాకా కొట్టి ఆగిపోయాయి. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు. ఆటో ఇంకా వాడి హాలు గేటు చేరిందో లేదో. ఉసురు తగలడమనేది ఉందో లేదో బీకాం పుస్తకాల్లో లేదు గానీ, ఆ క్షణాన హారతి దాన్ని నమ్మింది.

“రాసినవా?”

“ఈ మాట వద్దు చిన్నమ్మా. ఇంకేమన్న తిట్టు. ఇది మాత్రం రాయద్దు.”

భాగీరథి మెల్లగా ఆమె వైపు తిరిగింది. కళ్ళు చిట్లించి, జడలు వేసిన ఆ పిల్ల ముఖాన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

“ఎందుకు వద్దు? వాడు నీకేమైతడు?”